లోపలి గడియ

డ్రిల్లు మళ్ళీ మొదలైంది, వీరరాఘవమ్మ పళ్ళు జివ్వుమన్నాయి. ఉన్న నాలుగు పళ్ళూ రాల్చేదాకా ఈ వెధవలు వదిలేలా లేరు అనుకుంది. అనుకోవడమే గాని పైకి అనలేదు. ఎంత తిట్టైనా లోపలే తిట్టుకుని పైకి ‘అండీ’ అనడం పుట్టింట్లో నేర్చిన చదువు, డెబ్బై దాటినా మరపు రాలేదు. తన గదిలో, తన మంచం పక్కనే కుర్చీ వేయించుకుని, ఎదురుగా నాలుగు కాళ్ళ వాకరు అడ్డం పెట్టుకుని కూర్చుంది. స్నానాల గది గుమ్మం తలుపు లేకుండా నోరు తెరుచుకుని ఉంది. లోపల తాడేపల్లిగూడెం అద్దాల షాపు నుంచి వచ్చిన సీమోనూ, అతని బావమరిదీ గోడకి కన్నాలు వేస్తున్నారు. ఏలూరులో ఇన్ని షాపులుండగా గూడెం నుంచే ఎందుకు రావాలో కొడుకు నరసరాజునే అడగాలి, వాడికి ఊళ్ళో దొరికేది ఏదీ ఆనదు. దుమ్ము, హాల్లోకి రమ్మని కోడలు పొద్దున్నుంచి మొత్తుకుంటూనే ఉంది. రాదు. తన పాడెకి వెదుళ్ళు కొడుతుంటే పక్కన కూర్చుని చూసే అదృష్టం ఎందరికి పడుతుంది? రేపటి నుంచి తన స్నానం, గుమ్మం లోపల అడ్డంగా వీళ్ళు బిగించే అద్దం తలుపు వెనక. గుమ్మానికి ఇంక చెక్క తలుపు పెట్టరట, తెర చాలట, ఆ తెర కూడా తాను లోపలున్నంతసేపూ పక్కకి జరిపి ఉంచాలట. కోడలు ఈ మంచం మీద కూర్చుని, ముసలమ్మ నిలబడే ఉందా పడిందా అని అద్దంలోంచి చూస్తూ ఉంటుందట. వీరరాఘవమ్మ అడిగింది ఒక్కటే, ఆ తలుపుకి లోపల చిన్న గడియ. వేలెడంత గడియ. ఆ అద్దానికి కన్నాలు కొలిమిలో పెట్టకముందే వేయాలని, కాల్చి గట్టిపరిచాక డ్రిల్లు తగిలితే మొత్తం రాలిపోతుందని సీమోను చెప్పాడు. పిడికి కన్నాలు రాయించాడు కొడుకు, బందులకి రాయించాడు, గడియకి రాయించలేదు. మర్చిపోయానమ్మా అని ఉంటే సగం కోపం అక్కడే పోయేది. వద్దనే రాయించలేదమ్మా అన్నాడు.

ఆ అద్దం ఇంకా లోపలికి వెళ్ళలేదు. గోనెపట్టాల మీద, ఆవిడ మంచానికే ఆనించి నిలబెట్టారు. మూలల్లో అతికించిన కాగితం ముక్కలు లేకపోతే అక్కడ ఒక వస్తువుందని కూడా తెలియదు, అవతలున్న బీరువా, గోడ మీద దేవుడి పటం, తన మాత్రల డబ్బా, అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తున్నాయి. అంత శుభ్రమైన అద్దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండింది. కనీసం మసక అద్దం వెయ్యరా బాబూ అంటే, మసకలో ఏం కనిపిస్తుందమ్మా, అందుకేగా ఇదంతా అన్నాడు. అందుకేనట. ఉండి అనే ఊరి పక్క పల్లెలో అత్తవారింటికి తాను కోడలై వచ్చిన రోజున గూడుబండికి రెండు వైపులా తెరలు కట్టి, తెర అంచులు తన కాలి కింద తొక్కిపెట్టుకుని కూర్చోమన్నారు, గాలికి కూడా లేవకూడదని. బండి తోలేవాడికి ఆవిడ గొంతు తెలియదు. గుళ్ళో దేవుడి ముందు కూడా చుట్టూ నలుగురు ఆడవాళ్ళు దుప్పటి పట్టుకునేవాళ్ళు, దేవుడికి తాను కనిపించిందో లేదో ఆయనకే ఎరుక. మరుదులు భోజనానికి కూర్చుంటే తలుపు చాటు నుంచి గాజుల చెయ్యి ఒక్కటే బయటికి వెళ్ళేది, నెయ్యి గిన్నెతో. చిన్న మరిది ఓసారి నవ్వుతూ, మా వదినగారి చెయ్యి పోల్చుకోగలను గాని మొహం పోల్చుకోలేనండీ అన్నాడట. ఆ రాజుల లోగిళ్ళ ఘోషా మంచిదని ఆవిడ ఏనాడూ అనుకోలేదు, తిట్టుకుంది, ఏడ్చింది, కూతురు పుడితే దాన్ని కాలేజీకి పంపిస్తానని మొక్కుకుంది, కూతురు పుట్టలేదు. అయినా ఒక లోకం నుంచి ఇంకో లోకానికి పోయేటప్పుడు మధ్యలో ఒక మెట్టైనా ఉండొద్దూ? గాలికి లేవని తెర నుంచి తిన్నగా గాజు పెట్టెలోకా? మిఠాయి కొట్లో లడ్డూలా?

సీమోను సెల్లు మోగింది. డ్రిల్లు ఆపి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరికో ఇంకో గంటలో అయిపోతుందండీ అని చెబుతున్నాడు. ఆగిన నిమిషంలో నీళ్ళ చప్పుడు వినిపించింది, బక్కెట్లోకి పైపు ధార. ఆ చప్పుడుకి ఆవిడ మనసు ఎప్పుడూ ఒకచోటికే పోతుంది. పాత ఇంటి దొడ్లో వంటింటి వెనక నీళ్ళగది, నాలుగు ఇటుక గోడలు, పైన తాటాకు, ఒక మూల పొయ్యి మీద రాగి కాగు, నల్లరాతి బండ. ఇంట్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళు. వడ్ల కొట్లోకి పోతే ఒకరు వెనకే వస్తారు, మొక్కలకి నీళ్ళు పోస్తుంటే ఒకరు వస్తారు, రాత్రి మొగుడి గది లోంచి నవ్వు వినబడితే పొద్దున వంటింట్లో ఒకరు మూతి తిప్పుతారు. ఆ నీళ్ళగదికి మాత్రం లోపల ఇనప గడియ ఉండేది. దాన్ని వేస్తే ‘టక్’మని ఒక చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు తర్వాత ఆవిడని పిలిచే హక్కు ఎవరికీ లేదు, అత్తగారికి కూడా లేదు, స్నానంలో ఉందండీ అంటే అంతే, మాట అక్కడితో ఆగిపోవాలి. మొదటి బిడ్డ పురిట్లో పోయినప్పుడు ఆవిడ ఏడ్చింది అక్కడే. మామగారు నలుగురిలో మాటన్న రోజున ఆయన్ని పేరు పెట్టి, ఏకవచనంలో, నోరారా తిట్టింది అక్కడే, చెంబుతో నీళ్ళు గట్టిగా పోసుకుంటూ. ఊరికే నిలబడి నవ్వుకున్న రోజులూ ఉన్నాయి. నగలు అత్తగారి పెట్టెలో ఉండేవి, పొలం కాగితాలు మామగారి దగ్గర ఉండేవి, పిల్లాడు అందరి చంకల్లో ఉండేవాడు. ఆవిడది అనేది ఏదైనా ఉంటే ఆ గడియ ఒక్కటే, అందుకే నెలకోసారి తన చేత్తో ఆముదం రాసేది.

“అత్తయ్యగారూ, ఈ దుమ్ములో ఎందుకండీ, ఆయాసం వస్తుందండీ” అంటూ కోడలు కామేశ్వరి మజ్జిగ గ్లాసులు పట్టుకుని వచ్చింది. పెంటపాడు పిల్ల. నడిస్తే నేల అదురుతుంది. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నా మడమలు ముందు ఆనిస్తుంది.

“దుమ్ము నాకేం కొత్తండీ? కుప్పనూర్పుల ఇంట్లోంచే వచ్చాను” అంది వీరరాఘవమ్మ.

“అది కాదండీ, డాక్టరుగారు చెప్పారు కదండీ.”

“డాక్టరుగారు అద్దం పెట్టమని కూడా చెప్పారాండీ?”

కామేశ్వరి మజ్జిగ సీమోనుకిచ్చి, బావమరిదికిచ్చి, మూడో గ్లాసు అత్తగారి చేతికి అందేలా స్టూలు మీద పెట్టి, అద్దం జారుతుందేమోనని గోనెపట్టా కాలితో సర్ది వెళ్ళింది. ఈ పిల్లతో వచ్చిన చిక్కే ఇది. ఒక మాట అంటే పది మాటలు తిరిగి అనే కోడళ్ళున్న ఇళ్ళు ఎంత సుఖమో, తిట్టుకుంటారు, తెల్లారితే మర్చిపోతారు. ఈవిడ అనదు. మింగుతుంది. మింగినవన్నీ ఎక్కడ దాస్తోందో, ఏ రోజున ఒక్కసారి కక్కుతుందో తెలియదు. తుంటి విరిగాక ఈ రెండు నెలలూ రోజూ స్టూలు మీద కూర్చోబెట్టి వీపు రుద్దింది, కాళ్ళు రుద్దింది, సబ్బు నురుగు కంట్లో పడకుండా అరచెయ్యి నుదురుకి అడ్డం పెట్టింది. ఆ అరచెయ్యి నుదుటి మీద పడిన ప్రతిసారీ వీరరాఘవమ్మకి కొరకాలనిపించింది. చంటిపిల్లలా కొరకాలనే అనిపించింది, ఆ మాటకి సిగ్గుపడే ఓపిక కూడా లేదు. ద్వేషానికి కారణం ఉండాలని ఎవరన్నారు? మజ్జిగలో ఉప్పు సరిపోయింది, అది కూడా కోపమే తెప్పించింది.

లోపల రసమట్టం పెట్టి చూస్తున్న సీమోను తల గీరుకున్నాడు. అద్దం అడుగు తిన్నగా ఉంటుంది, నేల అలా లేదు. ఒక చివర కింద బియ్యపు గింజ దూరడం లేదు, రెండో చివర వేలు దూరుతోంది. అప్పుడే నరసరాజు లోపలికొచ్చాడు. కైకలూరులో చేపల మేత కొట్టు కట్టేసి వచ్చినట్టున్నాడు, తవుడు వాసన, వేరుశనగ చెక్క వాసన వాడికంటే ముందే గదిలోకొచ్చాయి. కొల్లేట్లో వాడి చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు తెంచేశాక చేపలు పోయినా ఆ వాసన మాత్రం వాడిని వదల్లేదు.

“రాజుగారూ, వాలు ఇటుందేంటండీ? తూమేమో అటు పక్కనుంది, వాలేమో గుమ్మం వైపుంది. అద్దం కిందనుంచి నీళ్ళు గదిలోకి వచ్చేస్తాయండీ” అన్నాడు సీమోను.

“అది ఈశాన్యమయ్యా. నీళ్ళు ఈశాన్యానికే పారాలి. సిద్ధాంతిగారు దగ్గరుండి చూసి వేయించారు.”

“అలాగాండీ. వాస్తు ముందు మనమెంతండీ. అడుగున రబ్బరు పట్టీ వేసేద్దాంలెండి, పర్లేదు” అని సీమోను వెంటనే రంగు మార్చేశాడు. వాడి సొమ్మేం పోయింది, సాయంత్రానికి గూడెం పాసింజరు ఎక్కేస్తాడు.

వీరరాఘవమ్మ లోపల పకపకా నవ్వింది. ఆడలేక మద్దెల ఓడన్నారట. ఈ ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ మొత్తుకున్నాడు, అయ్యా తూము నైరుతిలో ఉంది, వాలు ఈశాన్యానికిస్తే నీళ్ళు ఎటు పోతాయండీ అని. తూము మార్చాలంటే పక్కింటివాళ్ళ గోడ అడ్డం. వాలు మార్చాలంటే శాస్త్రం అడ్డం. చెరువులు పోయిందగ్గర్నుంచి నరసరాజుకి నిలబడ్డా భయమే, కూర్చున్నా భయమే, ఈశాన్యంలో చెప్పు విడిచినా పొయ్యిలో పిల్లి పడుకున్నట్టు చూస్తాడు. సిద్ధాంతి మాటే నెగ్గింది. అప్పట్నుంచి ఈ ఇంట్లో స్నానం చేసిన ప్రతివాళ్ళూ చీపురు పుచ్చుకుని నీళ్ళని ఎదురెక్కించి తూములోకి తోస్తారు, లోకంలో ఎక్కడైనా ఉందా ఈ వింత? తోసినా గుమ్మం దగ్గర ఎప్పుడూ ఒక పలచటి పొర నిలిచే ఉంటుంది, శ్రావణమాసం ముసురుకి దానికి పాచి పట్టింది, ఆవిడ కాలు జారింది ఆ పాచి మీద. చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. కాని పరామర్శకి వచ్చినవాళ్ళు బత్తాయిలు మంచం మీద పెట్టి, ఒకరి తర్వాత ఒకరు, అదే మాట. ఈ వయసులో గడియెందుకండీ. ఎవరు చూడొచ్చారండీ. గడియ లేకపోతే ఇంత జరిగేదా అండీ. గడియ వేసుకోకపోతే తుంటి విరగదా? గడియ పాచి పట్టి కిందపడేసిందా? నేల తప్పు చేసింది, గడియకి శిక్ష వేశారు. నేలని తవ్వరట. నేల శాస్త్రం. ఆవిడ సిగ్గు శాస్త్రంలో లేదు కాబట్టి దాన్ని తవ్వుకోవచ్చు.

డ్రిల్లు మళ్ళీ. ఈసారి చప్పుడు తుంటిలోకి దిగింది, లోపల వేసిన స్టీలు కడ్డీ పలికినట్టు. ఆ రోజు నొప్పి వెంటనే తెలియలేదు. పడింది, అంతే. తలుపు వైపు తల, తూము వైపు కాళ్ళు, పైన పంపు వదిలే ఉంది. మొదట చూసుకున్నది కాలు కాదు, చీర. కొక్కేనికి తగిలించిన చీర, పొడిగా, ఎత్తున, చెయ్యెత్తితే జానెడు తక్కువ. పడ్డ చప్పుడుకి కామేశ్వరి పరుగెత్తుకొచ్చి, అత్తయ్యగారూ అత్తయ్యగారూ అని తలుపు బాదింది. బాగానే ఉన్నానండీ, వస్తున్నా, అని పలికింది తాను. ఎందుకు పలికింది? చీర అందుకోవడానికి కాస్త వ్యవధి కోసం. ఒంటి మీద గుడ్డ పడ్డాక చచ్చినా ఫరవాలేదనుకుంది, నిజంగానే అనుకుంది. మోచేతి మీద లేవబోయింది, అప్పుడు వచ్చింది నొప్పి, నోట్లో మాటని కూడా ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత వాళ్ళు పిలిచారు, తాను పలకలేకపోయింది. వినడం మాత్రం విన్నది. చెవి తలుపు చెక్కకి ఆనుకునే ఉంది. తడిసిన టేకు వాసన. ఆ తలుపు ఆవిడకి తెలుసు, ఉండి దగ్గర పాత ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చింది, మామగారు కాకినాడ నుంచి కర్ర తెప్పించి చేయించింది. ఈ గుమ్మానికి సరిపోవడానికి రెండు పక్కలా చెక్కించి బిగించారు. ఆ తలుపు మీదుగా, తన చెవిలోకి తిన్నగా, తన కొడుకు గొంతు వచ్చింది.

“ఆగు కామేశ్వరీ, ఏంటా తోయడం? బర్మా టేకు అది. ఇప్పుడు ఆ కర్ర ఎక్కడా దొరకదు.”

“పలకట్లేదండీ.”

“ఇందాక పలికిందిగా, బాగానే ఉన్నానంది. బట్ట కట్టుకుంటుందేమో. మత్తయిని తీసుకొస్తాను, బందులు విప్పితే పోయేదానికి పగలగొట్టడమెందుకు? చెయ్యి వెయ్యకు దాని మీద, నే వచ్చేదాకా.”

మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు. అది కూడా విన్నది. విచిత్రం ఏమిటంటే అప్పుడు ఆ నేల మీద పడి ఉండి ఆవిడ మొదట అనుకున్నది, నిజమే, బర్మా టేకు, పగలగొడితే మళ్ళీ రాదు, అని. గృహస్థురాలి బుద్ధి. వస్తువు పాడుచెయ్యకూడదని ఆ పిల్లాడికి నేర్పింది తనే, పగిలిన పలకని కూడా దారంతో కట్టి రెండేళ్ళు రాయించింది తనే. నిజమే కదా అనుకుంది, అనుకుంటూనే ఉంది, ఇంతలో పైపు నీళ్ళు చల్లబడ్డాయి, ఆ చలి కడుపులోకి దిగాక అర్థమైంది. వడ్రంగి మత్తయి ఉండేది తంగెళ్ళమూడిలో. వెళ్ళాలి, మనిషి ఇంట్లో ఉండాలి, సామాను సంచీ సర్దుకోవాలి, రావాలి. అంతసేపు తాను ఇలా పడి ఉండొచ్చు. తలుపు బాగుండాలి. ఈ మాట వాడు చెడ్డవాడై అనలేదు. చెడ్డవాడై అని ఉంటే తిట్టుకుని ఊరుకునేది. తోచిన మాట అన్నాడు, ముందుగా తోచింది అది. కన్నకొడుక్కి ముందుగా తలుపు తోచింది. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారాయో పంపు నీళ్ళో ఆవిడకే తెలియలేదు, కాని కడుపు మాత్రం భగ్గుమంది, ఇవాళ్టికీ చల్లారలేదు.

అప్పుడు తలుపు దద్దరిల్లింది. ఒకటి, ఇంకొకటి. రుబ్బురోలు పొత్రం అది, తర్వాత తెలిసింది. ఆ పెంటపాడు పిల్ల రెండు చేతులతో పొత్రం ఎత్తి, మొగుడు చెయ్యి వెయ్యవద్దన్న తలుపుని, గడియ ఉన్న చోట చూసి మోదింది. కర్ర చీలింది, గడియ ఎగిరొచ్చి ఆవిడ మెడ పక్కన పడింది, తలుపు సందు చేసుకుని ఆ పిల్ల లోపలికి దూరింది. చూసింది. కట్టుకున్న మగడికి కూడా దీపం వెలుగులో చూపించని ఒళ్ళు, ముడతలూ మచ్చలూ అన్నీ, మిట్టమధ్యాహ్నపు వెలుగులో, తడిగా, నేల మీద. ఒక్క క్షణం అలా నిలబడిపోయింది. ఆ క్షణం. చీర లాగి కప్పింది, పంపు కట్టింది, తల ఒళ్ళోకి తీసుకుని ఏం కాదండీ ఏం కాదండీ అని ఊగిపోయింది, అవన్నీ తర్వాత. ఆ ఒక్క క్షణానికి క్షమాపణ లేదు. ప్రాణం నిలబెట్టింది కదా అని లోకం అంటుంది. అనదు, ఎందుకంటే లోకానికి తెలియదు. మేం తలుపు పగలగొట్టి తీశామండీ అని వచ్చినవాళ్ళందరికీ నరసరాజు చెప్పాడు. మేం. కామేశ్వరి పక్కనే కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి విన్నది, ఒక్క మాట అనలేదు. ఎందుకనదు? దాచుకుంటోంది. ఏదో ఒక రోజు, ఏదో ఒక తగువులో, అత్తయ్యగారూ ఆ రోజు మీ అబ్బాయిగారు ఏమన్నారో తెలుసాండీ అని, ఆ అండీతో సహా, గోరుచుట్టు మీద రోకటిపోటు వేసినట్టు వేస్తుంది. అందుకే దాచుకుంది. ఆ పోటు తాను వెయ్యనివ్వదు. తాను విన్నదని వాడికి తెలియదు, ఆ పిల్లకీ తెలియదు. రెండు నెలలుగా వీరరాఘవమ్మ ఆ మాటని నోట్లో పెట్టుకుని తిరుగుతోంది, మింగలేక, కక్కలేక.

“జాగ్రత్తండీ, జాగ్రత్తండీ” అంటూ ఇద్దరూ అద్దాన్ని ఎత్తారు. బీరువా కదిలింది, పటం కదిలింది, గది మొత్తం ఒకసారి ఆ అద్దంలో ఊగి లోపలికి వెళ్ళిపోయింది. బందులు బిగించారు, పిడి బిగించారు, సందుల్లో తెల్లటి జిగురు పూశారు. సీమోను కాగితం ముక్కలు గోటితో గీకి, తడిగుడ్డతో తుడిచి, తలుపు ఒకసారి తీసి ఒకసారి వేశాడు. చప్పుడు లేదు. అంత పెద్ద తలుపు, ‘టక్’ కూడా అనలేదు.

“రేపటిదాకా తడి తగలనివ్వకండి. గట్టి అద్దమండీ, ఖర్మకాలి పగిలినా గుచ్చుకోదు, కలకండ పలుకుల్లా రాలిపోతుందంతే.”

నరసరాజు రెండడుగులు వెనక్కి వేసి, చేతులు నడుముకి పెట్టుకుని చూశాడు. చెరువులు పోయిందగ్గర్నుంచి వాడి మొహంలో అంత తృప్తి ఆవిడ చూడలేదు. ఒక్క నిమిషం జాలి వేసింది కూడా. హైదరాబాదు హోటళ్ళలో ఉన్నట్టే ఉంది కదమ్మా అన్నాడు. ఆవిడ వాకరు పట్టుకుని లేచింది. కామేశ్వరి గుమ్మంలోకి వచ్చింది గాని చెయ్యి పట్టుకోబోయి ఆగింది. ఒక అడుగు, వాకరు, ఇంకో అడుగు. అద్దం దగ్గరికి వెళ్ళి చూద్దామని, చేత్తో ముట్టుకుని చూద్దామని, అంతకు మించి ఆవిడ మనసులో ఏమీ లేదు.

“అమ్మా, అమ్మా, చూసుకోండి! వాకరు తగులుతుంది అద్దానికి!” నరసరాజు ఒక్క అంగలో వచ్చాడు. వచ్చి ఆవిడకీ అద్దానికీ మధ్య నిలబడ్డాడు. వాడి అరచేతులు వెనక్కి చాపి ఉన్నాయి, అద్దం వైపు. “పగిల్తే మళ్ళీ కొలతలిచ్చి గూడెం నుంచి తెప్పించాలి.”

వీరరాఘవమ్మ ఆ చేతుల్ని చూసింది.

“రేపటి నుంచి నేను స్నానానికి వెళ్ళేటప్పుడు నువ్వు ఇంట్లో ఉండకు బాబూ” అంది.

“అదేంటమ్మా? మీకు సిగ్గయితే హాల్లో ఉంటాను. ఏదైనా జరిగితే ఒక మగాడు ఉండొద్దూ ఇంట్లో?”

“వద్దు. నేను పడితే నువ్వు తలుపు చూసుకుంటావు.”

సీమోను సామాను సంచీలో వేస్తున్నవాడు వేస్తున్నట్టే ఆగిపోయాడు. నరసరాజుకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మెడ దగ్గర్నుంచి పైకి ఎర్రబడింది. కాని వాడు తల్లి వైపు చూడలేదు. గుమ్మంలో ఉన్న పెళ్ళాం వైపు చూశాడు, పళ్ళు బిగించి, గొంతు తగ్గించి.

“నువ్వు చెప్పావా?”

కామేశ్వరి మొహంలో నెత్తురు చుక్క లేదు. “లేదండీ. నేనెందుకు చెబుతానండీ? ఆవిడ తట్టుకోలేరని...” అంది, అని నాలుక కరుచుకుంది. దాచింది నిజమే. దాచింది ఎందుకో ఆ ఒక్క ముక్కలో బయటపడిపోయింది. వీరరాఘవమ్మకి తాను రెండు నెలలుగా పదును పెట్టుకున్న కత్తి మొత్తం చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టయింది. ఆ పిల్ల మీద అరవాలనిపించింది. నన్ను కాపాడమని నిన్నెవరడిగారండీ అని అరవాలనిపించింది.

“ఎవరూ చెప్పక్కర్లేదు” అంది కొడుకుతో. “తలుపుకి అవతల ఉన్నది నేనే కదా.”

మీరు పలికారు కదమ్మా, బాగానే ఉన్నానన్నారు కదమ్మా, అని నరసరాజు ఏదో సణిగాడు. అది అబద్ధమేమీ కాదు, తాను పలికింది. కాని ఆవిడ ఒప్పుకోదలచుకోలేదు. వాడు సీమోనుతో స్టేషన్ దగ్గర దింపుతానని చెప్పి, వాళ్ళకంటే ముందు తనే బయటికి వెళ్ళిపోయాడు. వాళ్ళు గోనెపట్టాలు దులిపి, వస్తామండీ అమ్మగారూ అని ఆవిడ వైపు చూడకుండా చెప్పి వెళ్ళారు. గదిలో దుమ్మూ, జిగురు వాసనా, ఇద్దరు ఆడవాళ్ళూ మిగిలారు.

ఆవిడ మెల్లగా కుర్చీ దాకా వచ్చి కూర్చుంది. చీర కుచ్చెళ్ళు పాదాల మీదికి లాక్కుంది. మంచం వైపు గడ్డం చూపించింది.

“రేపు నువ్వే కూర్చో అక్కడ. అద్దం వైపే తిరిగి కూర్చో, మొహమాటపడి తల అటూ ఇటూ తిప్పుకోకు. చూడాల్సింది ఎలాగూ చూశావు.”

“అలాగేనండీ అత్తయ్యగారూ” అంది కామేశ్వరి, చీపురు కోసం వంగుతూ.

ఆ గొంతులో ఎక్కడైనా గెలిచానన్న ధీమా వినిపిస్తుందేమోనని వీరరాఘవమ్మ చెవి ఒగ్గి విన్నది. ఏమీ వినిపించలేదు. కోపం ఇంకాస్త పెరిగింది.